మార్ఫిన్ బీరువా తాళం ఎవరి దగ్గరుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ బెంగళూరు ఎడిషన్‌లో ఒక ఆస్పత్రి కొత్త క్యాన్సర్ బ్లాకు తెరిచిందని అర పేజీ వార్త వేశారు, ఫొటోతో సహా. ఏ మెషిను ఎన్ని కోట్లు, ఎన్ని పడకలు, రిబ్బన్ ఎవరు కత్తిరించారు, అన్నీ ఉన్నాయి. కేఆర్ పురం తీగల వంతెన దగ్గర ఎప్పటిలాగే బస్సు ఆగిపోతే తీరిగ్గా రెండుసార్లు చదివాను. ఆ బ్లాకుకు వచ్చి కూడా నయం కాని వాళ్ల సంగతేమిటో ఒక్క లైనైనా ఉంటుందేమోనని వెతికాను, లేదు. మీ విలేకరిని తప్పు పట్టడం లేదు, ఆస్పత్రి వాళ్లు ఆయన చేతికిచ్చిన కాగితంలోనే ఆ మాట ఉండి ఉండదు.

నేను నర్సుని. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది, అందులో పదకొండేళ్లు క్యాన్సర్ వార్డుల్లోనే గడిచాయి. మా వార్డులో పడకలన్నీ తిరిగి చూస్తే సగం మంది మనవాళ్లే ఉంటారు. కదిరి, హిందూపురం, పలమనేరు వైపు వాళ్లు సరే, కర్ణాటకలోనే ఉన్న బాగేపల్లి, పావగడ, చింతామణి వాళ్లు కూడా ఇంట్లో మాట్లాడేది తెలుగే. ప్లాస్టిక్ కవర్లో ఫైలు, చేతిలో నీళ్ల బాటిల్, మెడకు తువ్వాలు, ఎవరో ఒకరి మేనల్లుడు బెంగళూరులో పని చేస్తుంటాడు కాబట్టి ఆ అబ్బాయి ఫోన్ నంబరు, ఇదీ సామాను. ఆపరేషన్ అంటారు, కీమో అంటారు, కరెంటు (రేడియేషన్) పెడతారు, పొలం మీద అప్పు తెస్తారు. ఇవన్నీ అయ్యాక ఒక రోజు డాక్టరుగారు రౌండ్స్‌లో నిలబడి, "ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అని తర్వాతి మంచం దగ్గరికి వెళ్లిపోతారు.

బాగా చూసుకోండి అంటే ఏమిటండీ? ఎలా చూసుకోవాలి? ఇప్పటికి కొన్ని వందల మంది నన్నిది అడిగారు. అర్ధరాత్రి నొప్పి లేస్తే ఏమియ్యాలక్కా, మింగలేకపోతే నీళ్లెలా పట్టాలి, వీపు మీద పుండు పడింది ఏం రాయాలి, ఊపిరాడక లేచి కూర్చుంటే కిటికీ తియ్యాలా ఎవరినైనా పిలవాలా. డిశ్చార్జి సమ్మరీలో నాలుగు పేజీల స్కాన్ రిపోర్టులుంటాయి, ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబుండదు. మదనపల్లె బస్సెక్కే ముందు వాళ్ల చేతిలో ఉండేది మామూలు నొప్పి మాత్రల స్ట్రిప్పులు రెండు.

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పే వైద్యాన్నే పాలియేటివ్ కేర్ అంటారు, తెలుగు పత్రికల్లో ఉపశమన చికిత్స అని రాస్తుంటారు. చివరి రోజుల్లో మాత్రమే చేసేదని చాలామంది అనుకుంటారు గానీ, జబ్బు బయటపడిన రోజు నుంచే మిగతా వైద్యంతో పాటు మొదలవ్వాలి. క్యాన్సర్‌కే కాదు, గుండె బలహీనపడిన వాళ్లకు, కిడ్నీలు పోయిన వాళ్లకు, పక్షవాతంతో మంచాన పడ్డ వాళ్లకు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇది అవసరం, అందుతున్నది వందలో 14 మందికి. ఆ 14లో మన బస్సెక్కిన వాళ్లు ఎందరుంటారో మీరే ఊహించుకోండి.

నేనీ ఉత్తరం రాస్తున్నది డబ్బుల గురించో పడకల గురించో కాదు. అసలు చిక్కు ఎక్కడుందో ఒక సంగతి చెబితే మీకే అర్థమవుతుంది.

ఇప్పుడున్న ఆస్పత్రికి ముందు నేనింకో చోట పని చేసేదాన్ని, పేరు వద్దులెండి. అక్కడ మత్తు డాక్టరుగారొకాయన సొంత ఆసక్తితో నొప్పి వైద్యంలో ట్రైనింగ్ చేసి వచ్చారు. అప్పుడే అక్కడికి తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ మాత్రలొచ్చాయి. మార్ఫిన్ అంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు కదా, అంతకు ముందు దాన్ని ఆస్పత్రిలో పెట్టుకోవాలంటే రకరకాల లైసెన్సులు, ఒక్కో ఆఫీసుకు ఒక్కో దరఖాస్తు, ఒకటి వచ్చేసరికి ఇంకోదాని గడువు తీరిపోయేది. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులకు దారి సులువు చేసింది, రాష్ట్ర డ్రగ్ కంట్రోలర్ గుర్తింపు ఉంటే చాలంది. కాకపోతే ఆ గుర్తింపు రావాలంటే ఆస్పత్రిలో నొప్పి వైద్యంలో శిక్షణ పొందిన డాక్టరుండాలి. అది సరైన షరతే, నేను కాదనను.

ఏడాదిన్నర బాగా నడిచింది. వార్డు చివర గోడకు బిగించిన చిన్న ఇనుప బీరువా, దానికి డబుల్ తాళం, పక్కన రిజిస్టరు, ఒక్కో మాత్రకూ సంతకం. నాలుక క్యాన్సర్‌తో బాగేపల్లి నుంచి ఒక ఆటో డ్రైవరు వచ్చేవాడు, నలభై కూడా దాటలేదు, నాలుగు గంటలకొక మాత్ర టైం తప్పకుండా వేసుకుంటూ ఆటో నడుపుకోకపోయినా ఇంట్లో కూతురికి లెక్కలు చెప్పేవాడు. ఇంతలో డాక్టరుగారికి వేరే ఊళ్లో మంచి అవకాశమొచ్చి వెళ్లిపోయారు. ఆ వారమే ఆటో అబ్బాయి మాత్రలకొచ్చాడు. ఫార్మసిస్టు, "సంతకం పెట్టే డాక్టరు లేరు సిస్టర్" అన్నాడు. బీరువాలో మాత్రలున్నాయి. వాటికీ మంచానికీ మధ్య పది అడుగులు. ఇంకో డాక్టరు ట్రైనింగ్‌కు వెళ్లి వచ్చి కాగితాలు మారేసరికి నాలుగు నెలలు పట్టింది, ఆ అబ్బాయి అప్పటిదాకా లేడు.

మన దేశంలో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో, మార్ఫిన్ తీసే నల్లమందు పండిస్తారు, నీమచ్‌లో, ఘాజీపూర్‌లో సర్కారు ఫ్యాక్టరీలున్నాయి. పంట మనది, ఫ్యాక్టరీ మనది, నొప్పి మనది. సంతకమొక్కటే దొరకలేదు.

డాక్టరుగారి మీద నాకు కోపం లేదు, ఇప్పటికీ లేదు. కానీ అప్పటి నుంచి ఒక విషయం నన్ను వదల్లేదు. ఆ ఏడాదిన్నరలో ఆయన తనకు తెలిసింది పక్క డాక్టర్లు ఇద్దరికి నేర్పి ఉంటే, వాళ్లను కూడా ట్రైనింగ్‌కు పంపించే ఏర్పాటు జరిగి ఉంటే, బీరువా అలా తాళంతో ఆగిపోయేది కాదు. నేర్పమని ఆయనకెవరూ చెప్పలేదు, నేర్పడానికి వారానికో గంట కూడా ఆస్పత్రి ఇవ్వలేదు. ఎలా నేర్పాలో ఆయనకూ తెలియదనుకుంటా. తెలిసినవాడు ఒక్కడే ఉంటే వాడు వెళ్లినప్పుడు తెలివీ వెళ్లిపోతుంది. అందుకే నేననేది, పాలియేటివ్ కేర్ తెలిసిన డాక్టర్లు, నర్సులు కావాలి నిజమే, అంతకంటే ముందు దాన్ని ఇతరులకు నేర్పగలిగే, ముందుండి నడిపించగలిగే డాక్టర్లు, నర్సులు కావాలి. ఈ రెండూ వేర్వేరు పనులు. వంట వచ్చినంత మాత్రాన కోడలికి నేర్పడం రాదు కదా, మా అత్తగారికి నేను సాక్ష్యం.

ఆ తర్వాత నేనే సెలవు పెట్టి తిరువనంతపురంలో పాలియం ఇండియా వాళ్ల దగ్గర ఆరు వారాల కోర్సు చేశాను. డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ గారు 2003లో పెట్టిన సంస్థ అది. అంతకు ముందు 1993లో ఆయన, ఆయన సహచరులు కోజికోడ్ మెడికల్ కాలేజీలో నొప్పి క్లినిక్ ఒకటి చిన్నగా మొదలుపెడితే, అది ఊళ్లు పట్టుకుని పాకి, 2008కి కేరళ ప్రభుత్వం దేశంలో మొట్టమొదటి పాలియేటివ్ కేర్ విధానం తెచ్చేదాకా వెళ్లింది. ఇవాళ అక్కడ పంచాయతీకొక పాలియేటివ్ నర్సు ఇంటింటికీ తిరుగుతుంది. ఒక క్లినిక్ రాష్ట్రమంతా ఎలా పాకిందని అక్కడి వాళ్లను అడిగితే, మొదటి నుంచీ వచ్చిన ప్రతివాళ్లకూ నేర్పుతూ పోయాం అన్నారు. డాక్టరుకు నేర్పారు, నర్సుకు నేర్పారు, కాలేజీ పిల్లలకు నేర్పారు, పక్కింటామెకు నేర్పారు.

కోర్సులో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక మధ్యాహ్నం. చెడ్డ కబురు ఎలా చెప్పాలో నాటకం వేసి చూపించమన్నారు. ఇరవయ్యేళ్ల సర్వీసున్న సర్జన్ ఒకాయన డాక్టరు వేషం, నేను పేషెంటు భార్య వేషం. ఆయన మొదలుపెట్టి నాలుగు నిమిషాలు ఆగకుండా చెప్పారు, లివర్ అన్నారు, స్టేజి అన్నారు, రెస్పాన్స్ అన్నారు, పాపం ఎంతో మర్యాదగానే చెప్పారు. అయ్యాక నేర్పే ఆవిడ (ఆవిడా నర్సే) ఆయన్ని ఏమీ అనలేదు. నావైపు తిరిగి, "మీకేం అర్థమైందమ్మా?" అంది. నేను, "ఏదో మందు మారుస్తామంటున్నారు" అన్నాను. నటించలేదు, నిజంగా అంతే అర్థమైంది. గదిలో ఎవరూ నవ్వలేదు. తర్వాత ఆయన్నే అడిగింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తారని. "ముందు కూర్చుంటాను, తర్వాత ఆమెకు ఇప్పటిదాకా ఏం తెలుసో అడుగుతాను" అన్నారాయన. మళ్లీ చేశారు. ఈసారి ఒక మాట చెప్పి ఆగారు. ఆ ఆగడం, అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఆయన నుదుటి చెమట చూస్తే తెలిసింది. నలభై స్లయిడ్లు చూపించినా ఇది రాదు. నేర్చుకునేవాడి తప్పును వాడి నోటితోనే చెప్పించడం, అదీ పదిమందిలో వాడి పరువు పోకుండా, ఒక విద్య. దాన్ని ఎవరో ఆవిడకు నేర్పారు.

కోర్సు చేసి తిరిగొచ్చాక ఏమైందో చెప్పకపోతే ఉత్తరం పూర్తి కాదు. ఆస్పత్రి నన్ను ఎండోస్కోపీ గదిలో వేసింది. అక్కడ మనిషి తక్కువైందట. ఏడు నెలలు పైపులు కడిగాను. ఆ పనిని తక్కువ చెయ్యడం లేదు, ఎవరో ఒకరు కడగాల్సిందే, కానీ ఆరు వారాలు జీతం పోగొట్టుకుని నేర్చుకుంది అందుకు కాదు. నా సర్టిఫికెట్ హెచ్ఆర్ ఫైల్లో ఉండేది, ఆస్పత్రి ప్రమాణాలు చూసి గుర్తింపిచ్చే అక్రెడిటేషన్ వాళ్లు తనిఖీకొచ్చిన రోజు మాత్రం ఇస్త్రీ యూనిఫాంలో రమ్మని పిలిచి నన్నూ దాన్నీ కలిపి చూపించారు. ఆ తర్వాత ఉద్యోగం మారాను.

ఇప్పుడున్న చోట మా సూపరింటెండెంట్ మేడం మంచావిడ. మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ మారే హ్యాండోవర్ అయ్యాక పావుగంట నాకిచ్చారు. పావుగంటే. అందులో ఒక రోజు జరిగింది చెబుతాను.

పలమనేరు వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది, అరవై దాటి ఉంటాయి, ఆకువక్క పొగాకు అలవాటు, దవడ లోపలి క్యాన్సర్ బుగ్గ చీల్చుకుని బయటికొచ్చింది. వాసన. ఆ గదిలోకి వెళ్లడానికి మా ఆయాలే వెనకాడేవాళ్లు. కోడలు గిన్నె గుమ్మం దగ్గర పెట్టి, "అత్తా, బువ్వ" అని చెప్పి పక్కకు పోయేది. నర్సింగ్ రెండో సంవత్సరం అమ్మాయిని నాతో తీసుకెళ్లాను. మాస్కు వెనక నోటితో ఊపిరి పీలుస్తోందని తెలుస్తూనే ఉంది. బీపీ చూసి పారిపోదామన్నట్టు నిలబడింది. కూర్చోమన్నాను. సెలైన్‌తో మెల్లగా కడగడం, మెట్రోనిడజోల్ మాత్రల్ని రెండు స్పూన్ల మధ్య నూరి ఆ పొడి పుండు మీద చల్లడం, గాజుగుడ్డ ఎలా పరిస్తే ఊడదీసేటప్పుడు రక్తం రాదో చూపించాను. మర్నాడు తన చేతే చేయించాను. మెట్రోనిడజోల్ అంటే విరేచనాలకు వేసుకునే మందు, ప్రతి మెడికల్ షాపులో ఉంటుంది, ఖర్చు కొన్ని రూపాయలు. డాక్టరుగారికి చెప్పి రాయించుకోవాలి, అంతే. మూడో రోజుకు వాసన సగానికి సగం పోయింది. నాలుగో రోజు నేను వెళ్లేసరికి ఆ అమ్మాయి కోడలికి నేర్పుతోంది. "గట్టిగా రుద్దొద్దక్కా, చంటిపిల్లకు నీళ్లు పోసినట్టు పొయ్యి" అంటోంది. ఆ మాట నేను నేర్పింది కాదు. నేను గుమ్మం బయటే నిలబడ్డాను, లోపలికి వెళ్లి ఏదో ఒకటి సరిదిద్దాలని చెయ్యి లాగుతున్నా వెళ్లలేదు. సాయంత్రం మనవడు మంచం మీద నానమ్మ పక్కన కూర్చుని ఫోన్లో ఏదో చూపిస్తున్నాడు.

ఇదీ నేర్పడమంటే. నా నుంచి ఆ పిల్లకు, ఆ పిల్ల నుంచి పలమనేరు కోడలికి. డిశ్చార్జి అయి వెళ్లేటప్పుడు వాళ్ల చేతిలో ఏం చెయ్యాలో తెలిసిన ఒక మనిషి ఉంది.

ఇంక నడిపించడం. లీడర్ అనగానే మనకు కండువా, మైకు గుర్తొస్తాయి. మా పనిలో లీడరంటే మార్ఫిన్ గుర్తింపు గడువు ఎప్పుడు తీరుతుందో గుర్తుపెట్టుకునేవాళ్లు, డాక్టరు బదిలీ అయ్యే ముందే రెండో డాక్టరును ట్రైనింగ్‌కు పంపించమని ఎంఎస్ (మెడికల్ సూపరింటెండెంట్) గది ముందు గంటసేపు కాచుకు కూర్చునేవాళ్లు, డ్యూటీ లిస్టులో కోర్సు చేసిన నర్సు ఎండోస్కోపీకి పోకుండా అడ్డం పడేవాళ్లు. ఇది డాక్టరైనా చెయ్యొచ్చు, నర్సైనా చెయ్యొచ్చు. మన ఆస్పత్రుల్లో నర్సు మాటకున్న విలువెంతో మీకు తెలియంది కాదు. ఈ వైద్యానికి ఆద్యురాలని చెప్పే ఇంగ్లండావిడ సిసిలీ సాండర్స్ మొదట నర్సే. నడుము నొప్పి వల్ల ఆ పని మానేసి సోషల్ వర్కరైంది, చావుకు దగ్గరైన వాళ్లకు నొప్పి తగ్గించాలని ఎంత మొత్తుకున్నా సరిపోక చివరికి మెడిసిన్ చదివి 1957లో డాక్టరైంది, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ వాళ్లను చూసుకునే చోటు) తెరిచింది. పేషెంటు గురించి తనకు తెలిసింది చెప్పి ఒప్పించడానికి ఒక నర్సు అంత దూరం వెళ్లాల్సి వచ్చింది. మేమందరం నీట్ రాయలేం కదండీ. ఉగాండాలో చూడండి, పేద దేశం, డాక్టర్లు చాలరని తెలుసుకుని 2004లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులకు మార్ఫిన్ రాసే అధికారమిచ్చారు. ఇక్కడ రేపే అలా చెయ్యాలని నేననడం లేదు. కనీసం నర్సు నేర్పితే జూనియర్ డాక్టరు నేర్చుకోవడంలో నామోషీ లేదని మెడికల్ కాలేజీలు ఒప్పుకుంటే చాలు. మా వార్డుకొచ్చే హౌస్ సర్జన్లు కొందరు, "మార్ఫిన్ ఇస్తే అలవాటు పడిపోతారేమో సిస్టర్" అని ఇప్పటికీ అడుగుతారు. నొప్పికి తగ్గ మోతాదులో, టైం ప్రకారం, డాక్టరు చూస్తూ ఇస్తే ఆ భయం అక్కర్లేదని, మలబద్ధకానికి మాత్రం మొదటి రోజే మందు మొదలుపెట్టడం మర్చిపోవద్దని చెబుతాను. కొందరు రాసుకుంటారు. కొందరు ఫోన్ చూసుకుంటారు.

భాష సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అందరూ దాన్ని చిన్న విషయమనుకుంటారు. బెంగళూరులో డాక్టరు కన్నడమో ఇంగ్లిషో హిందీయో మాట్లాడతారు, నర్సుల్లో చాలామంది కేరళ నుంచి, పేషెంటు మాత్రం తాడిపత్రి నుంచి. తెలుగొచ్చిన ఎవరో ఒకరిని లాక్కొచ్చి చెప్పించేస్తారు, ఒక్కోసారి లిఫ్టు అబ్బాయిని కూడా. చావు కబురు లిఫ్టు అబ్బాయి చెప్పాలా? ఒకసారి కదిరి దగ్గరి రైతొకాయన, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇంట్లోవాళ్లేమో "ఆయనకు చెప్పొద్దు సిస్టర్, తట్టుకోలేడు" అని నా చేతులు పట్టుకున్నారు. రాత్రి డ్యూటీలో ఆయనే నన్ను పిలిచి మెల్లగా అడిగాడు, "ఏం పాపా, చెనిక్కాయలు పెరికే నాటికి నేనుంటానా?" అని. చెనిక్కాయలంటే వేరుశెనగ. ఆయనకు అన్నీ తెలుసు. ఆ ప్రశ్నకు ఏ ఇంగ్లిషు కోర్సూ జవాబివ్వదు. చెనిక్కాయలు ఎప్పుడు పెరుకుతారో తెలిసినవాళ్లు కావాలి ముందు. అప్పుడు జూలై. నేను వెంటనే ఏం చెప్పలేదు, స్టూలు లాక్కుని కూర్చుని, "ఎన్నెకరాలేసినారు పెద్దయ్యా?" అని అడిగాను. అరగంట మాట్లాడాడు. తెల్లారి డాక్టరుగారితో మాట్లాడి, కొడుకును ఆయన పక్కన కూర్చోబెట్టి చెప్పాం, తండ్రీ కొడుకులిద్దరూ కలిసి ఏడ్చారు. పొలం ఎవరి పేరున రాయాలో ఆయనే చెప్పాడు. ఈ పని తెలుగులో ఎలా చెయ్యాలో నేర్పే పాఠాలు కావాలి, తెలుగులో నేర్పే టీచర్లు కావాలి. ఇంగ్లిషు పుస్తకాన్ని తెలుగులోకి తిప్పితే చాలదు.

దీనికే ముడిపడిన ఇంకో మాట. నయం కాని దశలో వెంటిలేటర్ లాంటివి తనకొద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది, 2023 జనవరిలో ఆ పద్ధతిని కొంత తేలిక చేసింది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో దాని అమలుకు ఉత్తర్వులిచ్చింది. బాగుంది. ఐసీయూ బయట కుర్చీల్లో మూడు రాత్రుల నుంచి కూర్చున్న కుటుంబానికి అది అర్థమయ్యేలా ఎవరు చెబుతారు? చెబితే, "చంపెయ్యమంటున్నారా?" అని కొట్టడానికొచ్చే బావమరిదిని ఎవరు సముదాయిస్తారు? ఆ సంభాషణకు ట్రైనింగ్ లేని డాక్టరు, అందులో పడటం కంటే వెంటిలేటర్ అలాగే నడపనివ్వడం సులువనుకుంటాడు. బిల్లు కూడా నడుస్తుంది.

మీ పాఠకుల్లో డాక్టర్లుంటే ఒక మాటంటారు, తెలుసు నాకు. ఉన్న స్టాఫ్ చాలక చస్తుంటే నేర్పడానికి టైం ఎక్కడిదమ్మా అని. నిజమే, రాత్రి ముప్పై మందికి ఇద్దరం ఉంటాం, నాకు తెలియదా. కానీ వాసనకు భయపడి కోడలు, నొప్పికి భయపడి కొడుకు మాటిమాటికీ క్యాజువాలిటీకి తెచ్చే పేషెంటును చూడ్డానికి పట్టే టైం ఎవరైనా లెక్కేశారా? ఇంకొందరు, "సిస్టర్స్ అంటే దేవతలు, ఇది సేవాభావంతో చెయ్యాల్సిన పని" అని నర్సుల దినోత్సవం నాడు శాలువా కప్పుతారు. శాలువాలు మా బీరువాలో చాలా ఉన్నాయి. నేర్పే నర్సుకు ఒక పోస్టు, దానికొక జీతం, దానికి వారంలో కొన్ని గంటలు, ఇవి లేకుండా సేవాభావం ఎన్నాళ్లు నడుస్తుంది?

కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏం లేదు కూడా. బెంగళూరులోనే మారతహళ్లి దగ్గర కరుణాశ్రయ ఉంది, 1994లో ట్రస్టుగా మొదలై, 1999 నుంచి హాస్పిస్ నడుపుతూ, రూపాయి తీసుకోకుండా క్యాన్సర్ చివరి దశ వాళ్లను చూసుకుంటోంది, నర్సులకు శిక్షణా ఇస్తోంది. తెలంగాణ ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు పెట్టింది, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి వాళ్ల అనుభవం దానికి ఆసరా. పాలియేటివ్ మెడిసిన్‌లో ఎండీ డిగ్రీకి 2010లోనే గుర్తింపొచ్చింది, సీట్లే తక్కువ. దూరాల వాళ్లకు ఎకో అని ఒక పద్ధతుంది, అమెరికాలోని న్యూమెక్సికోలో డాక్టర్ సంజీవ్ అరోరా 2003లో హెపటైటిస్ రోగుల కోసం మొదలుపెట్టారు. వారానికోసారి వీడియోలో అందరూ కలుస్తారు, ఊళ్లో ఉన్న డాక్టరో నర్సో తన పేషెంటు సంగతి చెబుతారు, పెద్ద డాక్టరుతో పాటు మిగతా ఊళ్ల వాళ్లు కూడా సలహా చెబుతారు. పాలియం ఇండియా పాఠాలు ఈ పద్ధతిలో నేను బస్సులో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నవి చాలా ఉన్నాయి. ఇదే తెలుగులో, పుంగనూరు ఏరియా ఆస్పత్రి నర్సు కేసు చెబుతుంటే అనంతపురం, చిత్తూరు, బెంగళూరులో ఉన్న మేమంతా వినేలా ఎందుకు పెట్టకూడదు? కేంద్రం ఆయుష్మాన్ ఆరోగ్య కేంద్రాల్లో ఇవ్వాల్సిన సేవల జాబితాలో పాలియేటివ్ కేర్‌ను చేర్చే ఉంది. జాబితాలో చేరడం అయింది. ఆ కేంద్రంలో ఉండే నర్సుకు నేర్పేదెవరు, ఆమెకు నేర్పినవాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తేదెవరు, అదీ మిగిలింది.

సంపాదకులు గారూ, మీ నుంచి నాకొక సాయం కావాలి. మీకు ప్రతి జిల్లాలో విలేకరులున్నారు. ఈసారి ఏ ఆస్పత్రికైనా ప్రారంభోత్సవానికో, మంత్రిగారి తనిఖీకో వెళ్లినప్పుడు రిబ్బన్ ఫొటో అయ్యాక ఫార్మసీ దాకా నడిచి, ఇక్కడ మార్ఫిన్ మాత్రలున్నాయా అని అడగమనండి. ఉన్నాయంటే, వాటికి సంతకం పెట్టేదెవరు, ఆ డాక్టరు రేపు బదిలీ అయితే పెట్టేదెవరు, ఆ రెండో మనిషికి ఎవరు నేర్పుతున్నారు అని కూడా. వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు జిల్లాల వారీగా వెయ్యండి. మా వార్డులో ఆ పేజీ కత్తిరించి బీరువా తలుపుకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు,
కృష్ణరాజపురం, బెంగళూరు
(ఉద్యోగరీత్యా పేరు ప్రచురించవద్దని మనవి)